రాకడ తేదీ, అమ్మకానికి పెట్టిన పొలం
(ప్రశ్నలు - జవాబులు)

ప్రశ్న: మా అన్నయ్య ఒక యూట్యూబ్ ప్రసంగీకుడి లెక్కలు నమ్మి, వచ్చే ఏడాది దాటకుండా రాకడ అంటున్నాడు. నాన్న వదిలివెళ్లిన ఎకరన్నర అమ్మేసి, సగం ఆ పరిచర్యకు కానుకగా ఇస్తాడట. కూతురికి ఇంటర్ అయిపోయింది. ‘నాలుగేళ్ల చదువుకు టైం ఎక్కడుంది?’ అని ఇంజినీరింగ్ ఫీజు కట్టనంటున్నాడు. అడ్డు చెబితే నన్ను అవిశ్వాసి అంటున్నాడు. ఏం చేయమంటారు?
- ఒక సోదరుడు, పల్నాడు జిల్లా

జవాబు: తమ్ముడూ, ముందు అమ్మాయి సీటు సంగతి చూడండి. ఈఏపీసెట్ కౌన్సెలింగ్ ఎవరి ప్రవచనం కోసమూ ఆగదు. ఈ ఏడాది ఫీజు మీరో, వాళ్ల మేనమామలో సర్దండి. అన్నయ్యతో వాదన తర్వాత పెట్టుకోవచ్చు.

పొలం విషయంలోనూ ఒక పని వెంటనే చేయండి. అది ఇంకా నాన్నగారి పేరు మీదే ఉంటే, పంపకాలు కాకపోతే, మీ వాటా అన్నయ్య సంతకంతో అమ్ముడుపోదు. పాసుపుస్తకం పట్టుకుని ఒక వకీలును కలవండి. అన్నయ్య మీద కేసు పెట్టమని నేననడం లేదు. కొనేవాడికి విషయం ముందే తెలిసేలా చేస్తే చాలు.

ఇక తేదీల సంగతి. రాకడను నమ్మడంలో మీ అన్నయ్య తప్పు లేదు. యేసు మళ్లీ వస్తాడనే సంఘాలన్నీ ఒప్పుకుంటాయి. తేదీ చెప్పినవాళ్ల సంగతే వేరు. అమెరికాలో విలియం మిల్లర్ అనే బాప్టిస్టు రైతు దానియేలు గ్రంథంలోని లెక్కలు చూసి రాకడ దగ్గరపడిందన్నాడు. ఆయన అనుచరులు చివరికి 1844 అక్టోబరు 22 అని ఖాయం చేసుకున్నారు. కొందరు చేలో పంట కూడా తీయలేదు. 23న మామూలుగానే తెల్లవారింది. దక్షిణ కొరియాలో ఒక మిషన్ 1992 అక్టోబరు 28 అంది. ఉద్యోగాలు మానేసినవాళ్లు, ఆస్తులు అమ్మి కానుకలిచ్చినవాళ్లు ఉన్నారు. ఆ తేదీకి ముందే పోలీసులు దాని నాయకుణ్ని మోసం కేసులో అరెస్టు చేశారు. చూస్తే ఆయన దగ్గర 1993లో డబ్బు చేతికొచ్చే బాండ్లు ఉన్నాయి! అమెరికాలోనే రేడియో ప్రసంగీకుడు హెరాల్డ్ క్యాంపింగ్ 2011 మే 21 అన్నాడు, తర్వాత అక్టోబరు 21కి జరిపాడు. మరుసటి ఏడాది పొరపాటైందని ఒప్పుకున్నాడు. ఒప్పుకున్నందుకు ఆయన్ను మెచ్చుకోవాలి. ఆ ప్రచారానికి డబ్బు పోసినవాళ్లకు మాత్రం ఆ డబ్బు తిరిగి రాలేదు.

మీ అన్నయ్యను ఆ కొరియా బాండ్ల మాటే అడగండి, ఎగతాళిగా కాదు, మామూలుగానే: ‘అన్నా, ఆ యూట్యూబ్ అయ్యగారు తన ప్లాటు అమ్మారా?’ అని.

ఆ తర్వాత ఇద్దరూ కూర్చుని థెస్సలొనీకయుల పత్రికలు రెండూ మొదటి నుంచి చివరి దాకా చదవండి. అరగంట పట్టదు. ఆ సంఘానికీ ఇదే జబ్బు. ప్రభువు దినం వచ్చేసిందని పుకారు లేచింది. పౌలు పేరుతో దొంగ ఉత్తరం వచ్చినా బెదిరిపోవద్దని పౌలే రాయాల్సి వచ్చింది. ఫార్వర్డ్ మెసేజీల బాధ అప్పుడూ ఉందన్నమాట. కొందరు పనులు మానేసి, ఊరి మీద పడి, పక్కవాళ్ల కంచంలో తినడం మొదలుపెట్టారు. డేరాలు కుట్టి సొంత చేతులతో బతికిన పౌలు వాళ్లను గట్టిగానే మందలించాడు: నెమ్మదిగా పని చేసుకుని ఎవరి అన్నం వాళ్లు తినమన్నాడు. మత్తయి 24లో యేసు కూడా ఆ గడియ ఎవరికీ తెలియదని చెప్పి, కాసేపటికే నమ్మకమైన దాసుడి మాట ఎత్తాడు. యజమాని వచ్చేసరికి ఆ దాసుడు ఆకాశం వైపు చూస్తూ లేడు. ఇంట్లోవాళ్లకు వేళకు భోజనం పెడుతున్నాడు. కూతురి ఫీజు ఆ భోజనం కిందికే వస్తుంది.

ఇలా వేళకు అన్నం పెట్టినదానికి మన నేల మీదే ఒక ఉదాహరణ ఉంది. 1876-78 కరువు నాటి ఒంగోలు తలుచుకోండి. తిండి లేక జనం రోడ్ల మీద కూలిపోతుంటే లోకాంతమని అనుకోవడానికి ఎవరికైనా కారణం ఉంది. అక్కడ బాప్టిస్టు మిషనరీగా ఉన్న క్లౌ దొర బకింగ్‌హామ్ కాలువలో మూడున్నర మైళ్ల తవ్వకాన్ని కాంట్రాక్టుకు తీసుకుని కరువు జనానికి కూలి ఇచ్చాడు. సర్వే పని ఆయనకు ముందే తెలుసు. కూలి కోసం మతంలోకి వచ్చారన్న మాట పడకూడదని ఆ కాలమంతా బాప్తిస్మాలు ఆపేశాడు. తర్వాత 1878 జులై 3న గుండ్లకమ్మ ఒడ్డున ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. చాలామంది ఈ అంకె చెప్పి కాలువ సంగతి మర్చిపోతారు. నాకు కాలువే ముఖ్యం.

అన్నయ్య అవిశ్వాసి అన్నాడని బాధపడకండి. ఆయన చెప్పిన తేదీ దాటిపోయిన మర్నాడు తల దించుకుని మీ ఇంటికే వస్తాడు. ఆరోజు ‘నేను చెప్పలేదా’ అనకుండా అన్నం పెట్టండి.

ప్రశ్న: మా అత్తగారు ఆధార్‌కు వేలిముద్ర వేయనంటున్నారు. అది 666 ముద్ర అని ప్రార్థన కూడికలో ఎవరో చెప్పారట. ఈ-కేవైసీ కాక పింఛను, రేషన్ ఆగేలా ఉన్నాయి.
- ఒక సోదరి, ఖమ్మం జిల్లా

జవాబు: అమ్మా, ఆ 666 మాట ఉన్న ప్రకటన గ్రంథం ఆసియా అనే రోమా రాష్ట్రంలోని ఏడు సంఘాలకు, అంటే ఎఫెసు, స్ముర్న, పెర్గము వంటి పట్టణాల విశ్వాసులకు, రాసింది. పెర్గములో చక్రవర్తికి గుడే ఉండేది. చక్రవర్తిని దేవుడిగా మొక్కనివాళ్లకు బజారులో కొనడం, అమ్మడం కష్టమయ్యే రోజుల మాట అది. నీరో కైసరు పేరును హెబ్రీ అక్షరాల్లో రాసి అంకెలు కూడితే 666 వస్తుందని చాలామంది పండితులు చెబుతారు. కొన్ని పాత ప్రతుల్లో 616 అని కూడా ఉంది. భవిష్యత్తులో ఇంకొకరి గురించి అని చదివేవాళ్లూ ఉన్నారు. ఎలా చదివినా 13వ అధ్యాయంలో ఆ ముద్ర మృగానికి మొక్కడంతో ముడిపడి ఉంది. పింఛను కోసం వేలు పెట్టే మెషీన్ మీ అత్తగారిని ఎవరికీ మొక్కమనడం లేదు. ఆమెకు మీ మాట కంటే పాస్టరమ్మ గారి మాట మీద గురి ఉంటుంది. పాస్టరమ్మ గారిని వెంటబెట్టుకుని వెళ్లి వేయించండి. ముందు ఆవిడ వేలే పెట్టి చూపిస్తే ఇంకా మంచిది.

ప్రశ్న: పశ్చిమాసియా యుద్ధాలు అంతానికి సూచనలేనా?
- ఒక పాఠకుడు, రాజమండ్రి

జవాబు: యుద్ధ వార్తలు వింటారు గానీ కలవరపడొద్దని, అంతం అప్పుడే కాదని యేసు చెప్పాడు. ఆ రెండో మాట మన ప్రసంగాల్లో ఎందుకో వినబడదు. యుద్ధ వార్త చూసినప్పుడు మ్యాపులో గీతలు గీయడం మాని, చనిపోయినవాళ్ల కోసం ఏడవండి. అన్ని వైపులవాళ్ల కోసమూ.

ప్రశ్న: మా తొమ్మిదేళ్ల బాబు సెలవుల బైబిలు బడి వీబీఎస్‌లో ‘ఎత్తబడటం’ మీద సినిమా చూశాడు. మొన్న స్కూలు నుంచి వచ్చేసరికి నేను డాబా మీద బట్టలు ఆరేస్తున్నాను. స్టవ్ మీద కుక్కర్ కూస్తోంది, ఇంట్లో ఎవరూ లేరు. నన్ను దేవుడు తీసుకెళ్లిపోయాడని, తను మిగిలిపోయాడని వీధిలోకి పరిగెత్తి ఏడ్చాడు. రాత్రుళ్లు నా కొంగు వదలడం లేదు.
- ఒక తల్లి, సికింద్రాబాద్

జవాబు: అమ్మా, ఈ ఉత్తరం మిగతావాటికన్నా ఎక్కువ బాధపెట్టింది. 1 థెస్సలొనీకయులు 4వ అధ్యాయం సొంతవాళ్లను పోగొట్టుకుని ఏడుస్తున్నవాళ్లను ఓదార్చడానికి రాసింది. దాన్ని తీసుకుని పిల్లాడిని ఏడిపించడం ఏం పరిచర్య! విశ్వాసులు శ్రమలకాలానికి ముందే రహస్యంగా మాయమవుతారన్న బోధ 1830ల తర్వాత జాన్ నెల్సన్ డార్బీ ద్వారా, 1909లో వచ్చిన స్కోఫీల్డ్ బైబిలు నోట్సు ద్వారా బాగా పాకింది. నమ్మేవాళ్లలో మంచి భక్తులు చాలామంది ఉన్నారు. అలా నమ్మని సంఘాలూ ఉన్నాయి. బాబుకు ఈ చర్చ అక్కర్లేదు. యేసు పిల్లల్ని దగ్గరికి తీసుకున్న కథ చెప్పండి, నిన్ను వదిలి ఎవరినీ తీసుకెళ్లడని చెప్పండి. కొన్నాళ్లు వాడు బడి నుంచి వచ్చే వేళకు గుమ్మంలో ఉండండి. డాబా మీదికో, కూరగాయలకో వెళ్తే ఫ్రిజ్ మీద చీటీ అంటించి వెళ్లండి. రెండు మూడు వారాలకీ భయం తగ్గకపోతే పిల్లల డాక్టరుకు చూపించండి, అందులో అవిశ్వాసం ఏమీ లేదు. వీబీఎస్ నడిపినవాళ్లను మాత్రం పాస్టరు గారి ఎదుటే అడగండి: ఆ సినిమా వేసే ముందు పెద్దవాళ్లు ఎవరైనా ఒక్కసారి పూర్తిగా చూశారా అని.