పనికి తగిన పరీక్ష

ఉద్యోగమిచ్చే ముందు అభ్యర్థి శక్తిసామర్థ్యాలను పరీక్షించాలన్న ఆలోచన పాతదే. భారత సివిల్ సర్వీసుకు 1855లో లండనులో పోటీ పరీక్షలు ప్రారంభమై, ఈస్టిండియా కంపెనీ డైరెక్టర్ల సిఫారసుల స్థానాన్ని మార్కులు ఆక్రమించాయి. కాని ఆ పరీక్షకోసం సముద్రం దాటి వెళ్ళగలిగిన భారతీయులెందరు? 1922లో గాని అది మన దేశంలో జరగలేదు. పరీక్ష పక్షపాతాన్ని తొలగిస్తుందన్నది నిజం. పెట్టినవారికి తెలియకుండానే అది మరొక గోడను కట్టగలదన్నదీ అంతే నిజం.

అమెరికాలో నడిచిన ఒక వ్యాజ్యం ఈ రెండవ సత్యాన్ని వెల్లడించింది. ఉత్తర కెరొలైనా రాష్ట్రంలో డ్యూక్ పవర్ సంస్థకు డాన్ రివర్ అనే విద్యుత్కేంద్రం ఉండేది. 1965కు పూర్వం అక్కడి ఐదు విభాగాలలో నల్లజాతివారికి దక్కినది కూలి విభాగం ఒక్కటే. అందులోని అత్యధిక వేతనం సైతం ఇతర విభాగాలలోని కనిష్ఠ వేతనం కన్న తక్కువ. ఉద్యోగాలలో జాతివివక్షను నిషేధించే చట్టం 1965 జూలై 2న అమలులోకి వచ్చింది. సరిగ్గా ఆనాడే, మంచి విభాగాలలో కొత్తగా చేరేవారికి సంస్థ రెండు పరీక్షలను విధించింది. ఒకటి సాధారణ ప్రజ్ఞను, రెండవది యంత్రాల అవగాహనను కొలిచేవి. కూలి విభాగంలోని పాతవారు పైకి రావాలంటే హైస్కూలు పట్టా ఉండాలి, లేదా ఆ పరీక్షలలో నెగ్గాలి. హైస్కూలు పూర్తిచేసినవారిలోనే దాదాపు సగంమంది తప్పేటంత హెచ్చుగా మార్కులు నిర్ణయించారు. విచిత్రమేమంటే, పూర్వం పట్టా లేకుండా చేరిన శ్వేతజాతి ఉద్యోగులు అవే పనులను తృప్తికరంగా చేస్తూనే ఉన్నారు!

పదముగ్గురు నల్లజాతి కార్మికులు న్యాయస్థానానికి వెళ్ళారు. 1971 మార్చి 8న అమెరికా సుప్రీంకోర్టు ఏకగ్రీవంగా వారి పక్షాన తీర్పు చెప్పింది. ప్రధాన న్యాయమూర్తి వారెన్ బర్గర్ వ్రాసిన ఆ తీర్పు పరీక్షలను నిషేధించలేదు. పరీక్షకూ పనికీ సంబంధమున్నదని యజమానియే నిరూపించాలన్నది. చదువు తక్కువైన ఉద్యోగులు హైస్కూలు పూర్తిచేయడానికి రుసుములో మూడింట రెండువంతులు సంస్థ భరిస్తున్న విషయాన్నీ న్యాయస్థానం గుర్తించింది. అయినా సదుద్దేశం చాలదన్నది. ఆ సహాయం మెచ్చదగినదే. కాని పనికి అక్కరలేని చదువుకు ధనమివ్వడం, తాను కట్టిన గోడకు తానే నిచ్చెన వేయడం వంటిది. దానివల్ల కార్మికుని పనితనం పెరగదు.

పనిని గమనించి రూపొందించిన పరీక్ష తీరే వేరు. మన సైన్యంలో అధికారులు కాగోరే యువతీయువకులను సర్వీసెస్ సెలక్షన్ బోర్డు సుమారు ఐదు రోజులు పరిశీలిస్తుంది. అందులో ఒక అంశం ఇది: కొందరు అభ్యర్థులకు పలకలు, తాళ్ళు, దుంగలు ఇచ్చి, ఒక బరువుతో సహా అడ్డంకులు దాటమంటారు. నాయకుడెవరో చెప్పరు. ఉపాయం ఎవరికి తోచింది, ఇతరుల మాట ఎవరు విన్నారు, వెనుకబడినవారికి ఎవరు చేయి అందించారు అన్నది పరీక్షాధికారి దూరంగా నిలిచి చూస్తాడు. ఎంపిక కానివారు వయోపరిమితి దాటకపోతే మళ్ళీ ప్రయత్నించవచ్చు. ఎంపికైనవారు మాత్రం మరునాడే అధికారులు కారు. అకాడమీలో వారి శిక్షణ అప్పుడే మొదలవుతుంది.