లోహశోధిని ఎందుకు పొరపడుతుంది?

1881 జూలై 2న వాషింగ్టన్ రైల్వే స్టేషన్‌లో అమెరికా అధ్యక్షుడు జేమ్స్ గార్‌ఫీల్డ్‌పై ఒకడు తుపాకీ పేల్చాడు. ఒక గుండు చేతిని రాసుకుంటూ పోయింది. రెండవది వీపులోంచి దూరి శరీరంలోనే ఉండిపోయింది. ఎక్స్ కిరణాలను కనుగొన్నది 1895లో. కాబట్టి గుండు ఎక్కడుందో చూసే మార్గం అప్పటి వైద్యులకు లేదు.

టెలిఫోన్ కనిపెట్టిన అలెగ్జాండర్ గ్రాహం బెల్ సాయానికి ముందుకొచ్చాడు. తీగచుట్టలు, బ్యాటరీ, టెలిఫోన్ రిసీవరు కలిపి ఒక పరికరం తయారు చేశాడు. లోహం దగ్గరికి వస్తే రిసీవరులో శబ్దం రావాలి. ఒంట్లో తుపాకీ గుండ్లు మిగిలిపోయిన పాత సైనికుల మీద పరీక్షిస్తే అది పనిచేసింది. కాని అధ్యక్షుడి పడక దగ్గర అంతా తారుమారైంది. ఒకచోట రావలసిన శబ్దం విశాలమైన మేర అంతటా వచ్చింది. పరుపు కింద ఉక్కు తీగలు ఉన్న సంగతి బెల్‌కు తర్వాతగాని తెలియలేదు. పైగా వైద్యులు కుడివైపునే వెదకమన్నారు. సెప్టెంబరు 19న గార్‌ఫీల్డ్ మరణించాడు. శవపరీక్షలో గుండు వెన్నెముకకు ఎడమవైపు, బాగా లోతుగా కనిపించింది.

బెల్ పరికరానికి లోహాన్ని పట్టే శక్తి లేక కాదు. అవసరమైన లోహమేదో, అక్కరలేని లోహమేదో చెప్పే శక్తి దానికి లేదు. నేడు సరదాకు లోహశోధినిని తయారు చేసుకునేవారికి కూడా ఎదురయ్యే అసలు చిక్కు ఇదే.

లోహం తన ఉనికిని ఎలా చెబుతుంది?

తీగచుట్టలో విద్యుత్తు అటూ ఇటూ మారుతూ ప్రవహిస్తే దాని చుట్టూ మారే అయస్కాంత క్షేత్రం ఏర్పడుతుంది. ఆ క్షేత్రంలోకి ఒక రాగి నాణెం వచ్చిందనుకోండి. ఫారడే నియమం ప్రకారం నాణెంలో చిన్న చిన్న విద్యుత్ ప్రవాహాలు సుడులు తిరుగుతాయి. వీటిని సుడి ప్రవాహాలు అంటారు. ఇవి తమను పుట్టించిన మార్పును ఎదిరిస్తాయి. అందువల్ల తీగచుట్ట ప్రేరకత్వం కొద్దిగా తగ్గుతుంది.

ఈ సుడులను మీరు కంటితో చూడలేరు గాని వాటి బలాన్ని చూడవచ్చు. అల్యూమినియం గొట్టాన్ని నిలువుగా పట్టుకుని, అందులో బలమైన చిన్న అయస్కాంతాన్ని జారవిడవండి. అల్యూమినియాన్ని అయస్కాంతం ఆకర్షించదు. అయినా అది గొట్టంలో తాపీగా దిగుతుంది. దాన్ని అడ్డుకుంటున్నవి సుడి ప్రవాహాలే.

చెవికి వినిపించే తేడా

చాలామంది మొదట తయారు చేసేది విస్పందనాల పద్ధతిలో పనిచేసే లోహశోధిని. దీనిలో రెండు ఆసిలేటర్లు ఉంటాయి. వెదికే తీగచుట్టతో కలిసి ఒకటి కంపిస్తుంది. రెండవది స్థిరంగా ఉంటుంది. రెండు వీణ తీగలను ఇంచుమించు ఒకే శ్రుతిలో మీటితే శబ్దం పెరుగుతూ తగ్గుతూ వినిపిస్తుంది కదా! ఇక్కడా అంతే. ఒకటి సెకనుకు 1,00,000 సార్లు, మరొకటి 1,00,200 సార్లు కంపిస్తే వాటి తేడా 200 హెర్ట్జ్ శబ్దంగా హెడ్‌ఫోన్‌లో వినిపిస్తుంది.

ఇప్పుడు చిన్న లెక్క చేద్దాం. ఆసిలేటర్ పౌనఃపున్యం ప్రేరకత్వపు వర్గమూలానికి విలోమానుపాతంలో ఉంటుంది. నాణెం వల్ల ప్రేరకత్వం పదివేలలో 2 వంతులు తగ్గిందనుకోండి. పౌనఃపున్యం పదివేలలో 1 వంతు పెరుగుతుంది. అంటే 10 హెర్ట్జ్ మాత్రమే. వెదికే ఆసిలేటర్ పైన ఉంటే 200 హెర్ట్జ్ శబ్దం 210 అవుతుంది. దాన్ని గుర్తించడానికి చెవి నిక్కించి వినాలి. ముందే తేడాను 50 హెర్ట్జ్‌కు సరిచేసి ఉంచితే, 50 కాస్తా 60 అవుతుంది. ఈ మార్పు స్పష్టంగా తెలుస్తుంది. మన చెవి స్వరాల మధ్య తేడాను కాక నిష్పత్తిని గమనిస్తుంది. ఒక్క పైసా ఖర్చు లేకుండా పనితీరు పెంచే మార్గం ఇది.

అయితే రెండు ఆసిలేటర్లను మరీ దగ్గరికి తెస్తే అవి ఒకదాన్నొకటి లాగి ఒకే స్వరంలో కలిసిపోతాయి. అప్పుడు శబ్దమే ఉండదు. అందుకే వాటిని దూరంగా, వేరువేరు లోహపు డబ్బాలలో అమర్చాలి.

పెంచితే అన్నీ పెరుగుతాయి

ఇంకో ఉపాయం ఉంది. స్థిరమైన ఆసిలేటర్‌ను 5,00,000 హెర్ట్జ్ దగ్గర ఉంచి, వెదికే ఆసిలేటర్ అయిదవ అనుస్వరంతో పోల్చవచ్చు. అప్పుడు 10 హెర్ట్జ్ మార్పు 50 హెర్ట్జ్ అవుతుంది. పరికరం అయిదు రెట్లు మెరుగైనట్టేనా?

తొందరపడకండి. ఎండ తగిలి కెపాసిటర్ విలువ పదివేలలో 2 వంతులు తగ్గినా పౌనఃపున్యం సరిగ్గా ఆ నాణెం మార్చినంతే మారుతుంది. అనుస్వరం ఈ తప్పును కూడా అయిదు రెట్లు పెంచుతుంది. నాణెం గొంతు పెరిగింది, ఎండ గొంతూ పెరిగింది. పోలిక మాత్రం మారలేదు.

బ్యాటరీ వోల్టేజీ పెంచినా ఇదే కథ. చుట్ట నుంచి బయలుదేరిన క్షేత్రం, దూరం చుట్ట వ్యాసాన్ని బాగా మించినప్పుడు, దూరపు ఘనానికి విలోమంగా తగ్గుతుంది. నాణెం నుంచి తిరిగి వచ్చే క్షేత్రం కూడా అలాగే తగ్గుతుంది. రెండూ కలిస్తే ఆరవ ఘాతం. లోతు రెండింతలైతే సంకేతం 64వ వంతుకు పడిపోతుంది. బ్యాటరీ మార్చి దీన్ని గెలవడం సాధ్యం కాదు. పెద్ద చుట్ట లోతుకు వెళ్తుంది కాని చిన్న నాణేన్ని వదిలేస్తుంది. చిన్న చుట్ట చిన్న వస్తువును పట్టుకుంటుంది కాని లోతుకు పోదు.

మరి ఏం చేయాలి?

గొంతు పెంచే బదులు గోల తగ్గించాలి.

మొదటిది, చుట్ట కదలకూడదు. ఎనామిల్ పూత ఉన్న రాగి తీగను బిగుతుగా చుట్టి, వార్నిష్ పోసి ఆరనివ్వండి. చుట్లు వెంట్రుకవాసి కదిలినా శబ్దం మారుతుంది.

రెండవది, వేడికి విలువ మారని రకం కెపాసిటర్లను వాడాలి. పరికరాన్ని ఆన్ చేశాక కాసేపు ఆగి, శబ్దం నిలకడపడ్డాకే వెదకాలి.

మూడవది, చుట్టకు కవచం వేయాలి. తడి గడ్డి, నేల, మీ చేయి దగ్గరికి వస్తే చుట్టతో కలిసి అవి కెపాసిటర్‌లా పనిచేస్తాయి. దానితో స్వరం మారుతుంది. చుట్టపై అల్యూమినియం రేకు చుట్టి, దాన్ని సర్క్యూట్ భూమి కొసకు కలిపితే ఈ బెడద పోతుంది. కాని రేకు కొసలు ఒకదానికొకటి తగలకూడదు. ఒక సెంటీమీటరు ఖాళీ విడవాలి. ఎందుకో ఆలోచించండి. కొసలు కలిస్తే రేకు తానే ఒక పూర్తి చుట్టు అవుతుంది. సుడి ప్రవాహం దానిలోనే తిరిగి, క్షేత్రాన్ని బయటికి పోనివ్వదు. అల్యూమినియానికి మామూలుగా టంకం అంటదు. కాబట్టి పూత లేని రాగి తీగను రేకుపై గట్టిగా చుట్టి కలపండి.

నాలుగవది నేల. కొన్ని నేలల్లో అయస్కాంత గుణం గల ఇనుప ఖనిజాలు ఎక్కువ. ఇవి ప్రేరకత్వాన్ని పెంచుతాయి. అంటే నాణేనికి వ్యతిరేక దిశలో స్వరాన్ని మారుస్తాయి. అందుకే చుట్టను నేల నుంచి ఎప్పుడూ ఒకే ఎత్తులో జరపాలి. చిన్న ఇనుప మేకు కూడా ఇలాగే చేయవచ్చు. కాని వెడల్పాటి ఇనుప రేకులో సుడి ప్రవాహాలు బలంగా ఉండి, అది నాణెంలా నటించగలదు. కాబట్టి స్వరం విని లోహం పేరు చెప్పేయకండి.

తప్పుడు శబ్దానికి వెల

రెండవ ప్రపంచ యుద్ధంలో పోలండ్ అధికారి యూజెఫ్ కొసాత్స్కీ చేతితో మోసే మందుపాతర శోధినిని రూపొందించాడు. 1942లో ఎల్ అలమైన్ యుద్ధంలో దాన్ని వాడారు. మందుపాతరలు తొలగించేవారికి శబ్దం వచ్చిన ప్రతిచోటా మందుపాతర ఉన్నట్టే లెక్క. అది మేకైనా, డబ్బా మూతైనా మోకాళ్ల మీద కూర్చుని మెల్లగా మట్టి తీయవలసిందే. అక్కడ తప్పుడు శబ్దం గంటల శ్రమను, ఓపికను తినేస్తుంది. అసలు శబ్దాన్ని వదిలేస్తే ప్రాణమే పోతుంది.

మీ పరికరాన్ని ఇంటి పెరట్లో, బడి ఆవరణలో పెద్దల అనుమతితో పరీక్షించండి. పాత గుళ్లు, కోటల దగ్గర తవ్వకండి. 1878 నాటి నిధుల చట్టం ప్రకారం 10 రూపాయలకు మించిన నిధి దొరికితే కలెక్టరుకు తెలపాలి. తూటా, బాంబు వంటిది కనిపిస్తే ముట్టుకోక పోలీసులకు చెప్పండి.

చేసి చూడండి

ఒక మిత్రుణ్ణి పది అట్టపెట్టెలు వరుసగా పెట్టమనండి. కొన్నింటిలో నాణెం, కొన్నింటిలో మేకు, కొన్నింటిలో ఏమీ లేకుండా ఉంచమనండి. మీరు విని రాసుకోండి. ఎన్ని నాణేలు పట్టుకున్నారన్నది ఒక లెక్క. ఖాళీ పెట్టెను ఎన్నిసార్లు నాణెం అన్నారన్నది రెండవ లెక్క. పరికరంలో ఒక్కొక్క మార్పు చేసిన ప్రతిసారీ రెండు లెక్కలూ వేయండి. రెండవది తగ్గకపోతే, శబ్దం ఎంత పెద్దగా వినిపించినా మీ లోహశోధిని బాగుపడనట్టే.