వెనక బ్రేకు: నట్టు బిగించడం రిపేరు కాదు

ప్రశ్న: నాది పాత వంద సీసీ బండి. రోజూ పాల క్యాన్లు కట్టుకుని టౌనుకు వెళ్లొస్తాను. వెనక బ్రేకు పెడల్ బాగా కిందికి పోతోంది. నట్టు బిగిస్తూ వచ్చాను, ఇప్పుడు రాడ్ మీద మరలే అయిపోయాయి. లివర్ ఊడదీసి ఒక పన్ను జరిపి పెడితే ఇంకొన్నాళ్లు వస్తుందంటున్నారు. పెట్టించమంటారా?
- ఒక పాఠకుడు, పామర్రు

వద్దండీ, ఆ పని అస్సలు చేయించకండి. మరలు అయిపోయాయంటే లోపల షూలు అయిపోయాయనే. డ్రమ్ములో క్యామ్ తిరిగి రెండు షూలనూ ఎడం చేసి డ్రమ్ముకు ఆనిస్తుంది. షూ పలచబడేకొద్దీ క్యామ్ ఇంకా ఇంకా తిరగాలి. లివర్ జరిపితే పెడల్ పైకొస్తుంది, బ్రేకు బాగైందనిపిస్తుంది. కానీ క్యామ్ హద్దు దాటి తిరిగి అక్కడే ఇరుక్కుంటే షూలు వెనక్కి రావు, చక్రం పట్టేస్తుంది. అంత బరువుతో వెళ్తుండగా అలా జరిగితే బండి మీ చేతిలో ఉండదు.

అరుగుదల చూడటానికి చక్రం విప్పక్కర్లేదు. చాలా బండ్లకు లివర్ మొదట్లో చిన్న బాణం, పక్కన ప్లేటు మీద ఒక గుర్తు ఉంటాయి. ఎవరినైనా పెడల్ పూర్తిగా తొక్కి పట్టమనండి. బాణం ఆ గుర్తు దగ్గరికొస్తే షూలు మార్చాల్సిందే.

మార్చేటప్పుడు డ్రమ్మునూ కొలిపించండి. 130 మిల్లీమీటర్ల డ్రమ్ము సాధారణంగా 131 దాటి అరగకూడదు. దాటితే కొత్త షూలు వేసినా డబ్బు దండగ. క్యామ్‌ను శుభ్రం చేసి గ్రీజు పలచగా రాయాలి, షూ లైనింగుకు మాత్రం చుక్క కూడా తగలకూడదు. లోపలి పొడిని నోటితో గాని గాలి పైపుతో గాని ఊదనివ్వకండి. పాత లైనింగుల్లో ఆస్‌బెస్టాస్ ఉండొచ్చు, అది ఊపిరితిత్తులకు ప్రమాదం. తడిగుడ్డతో తుడిస్తే చాలు. చివరగా, పెడల్ 20 నుంచి 30 మిల్లీమీటర్లు కదిలాక బ్రేకు అందుకునేలా నట్టు సర్దాలి. కొత్త షూలు డ్రమ్ముకు పూర్తిగా ఆనేదాకా ఖాళీ బండినే నెమ్మదిగా నడపండి, క్యాన్లు కట్టకండి.

ప్రశ్న: చైన్ బిగించినప్పటి నుంచి వెనక డ్రమ్ము చెయ్యి పెట్టలేనంత వేడెక్కుతోంది. మైలేజీ కూడా పడిపోయింది.
- ఒక పాఠకురాలు, హుజూరాబాద్

చైన్ బిగించాలంటే చక్రాన్ని వెనక్కి లాగుతారు. దాంతో బ్రేకు రాడ్ కూడా లాగినట్టయి, మీరు తొక్కకపోయినా షూలు డ్రమ్ముకు రాసుకుంటున్నాయి. సెంటర్ స్టాండ్ వేసి, న్యూట్రల్‌లో చక్రం చేత్తో తిప్పుతూ, అది స్వేచ్ఛగా తిరిగేదాకా నట్టు వదులు చేయండి. బ్రేకు ప్లేటును పట్టి ఉంచే ఆర్మ్ నట్టు బిగుతుగా ఉందో లేదో, దాని పిన్ను ఉందో లేదో కూడా చూడండి. అది ఊడితే ప్లేటే చక్రంతో తిరిగిపోతుంది.

ప్రశ్న: నాది వెనక డిస్క్ ఉన్న బండి. తిరుమల నుంచి దిగుతుంటే పెడల్ మెత్తబడి లోపలికి పోయింది. కాసేపు ఆగాక మళ్లీ మామూలైంది. ఇక భయం లేదా?
- ఒక పాఠకుడు, నెల్లూరు

ఉంది. దిగినంతసేపూ పెడల్ మీదే కాలుంచితే ఆ వేడికి బ్రేక్ ఆయిల్ మరిగి ఆవిరి పుడుతుంది. ద్రవంలా ఆవిరి ఒత్తిడిని మోయదు, అణిగిపోతుంది. చల్లారాక మామూలైనా ఆయిల్ అదే. అది గాలిలోని తేమను పీల్చుకుంటుంది. డాట్ 4 ప్రమాణం ప్రకారం కొత్త ఆయిల్ కనీసం 230 డిగ్రీల దాకా మరగకూడదు, తేమ చేరాక ఆ హద్దు 155కు పడిపోతుంది. అందుకే బండి తక్కువ తిరిగినా రెండేళ్లకోసారి మార్చాలి. మూత మీద ఏ రకం రాసుంటే అదే, సీలు తీయని డబ్బాలోంచి పోయించి, గాలి పూర్తిగా తీయించండి. ప్యాడ్ల మందం, క్యాలిపర్ పిన్నులు ఆడుతున్నాయో లేదో అప్పుడే చూడాలి. పెయింటు మీద ఒలికితే వెంటనే నీళ్లతో కడగండి.

పెట్రోలు మిగులుతుందని కొందరు ఘాట్‌లో న్యూట్రల్ వేసి దిగుతారు. దయచేసి ఆ పని చేయకండి. రెండో గేరులోనో మూడో గేరులోనో దిగితే వేగాన్ని ఇంజనే ఆపుతుంది. రెండు బ్రేకులూ కలిపి కాసేపు వేసి, వదిలి, చల్లారనిచ్చి మళ్లీ వేయండి.