కోడ్ తీసుకున్నారా? పేరు ఉంచండి

ప్రాజెక్టు సబ్మిషన్ రేపనగా గిట్‌హబ్‌లో ఎవరిదో కోడ్ దొరుకుతుంది. దించుకుని, రంగులు మార్చి, రాసినవాళ్ల పేరున్న వరుస చెరిపేసి మీ పేరు పెట్టేస్తారు. మార్కులు పడతాయి. అదే లింకు రెజ్యూమెకి ఎక్కుతుంది. ఇంటర్వ్యూలో కూర్చున్నవాళ్లు అందులోంచి ఒక్క వరుస తీసి వెతికితే చాలు, గుట్టు బయటపడుతుంది. ఆ తర్వాత మీకు జావా ఎంత వచ్చో ఎవరికీ అక్కర్లేదు.

కోడ్ రాయడం ఎవరైనా నేర్పుతారు. ఆ కోడ్‌ను ఏ షరతులతో వాడుకోవచ్చో చెప్పే లైసెన్స్ చదవడం మాత్రం మీ అంతట మీరు చేసుకోవాల్సిన అలవాటు. దానికి లా కాలేజీలో చేరక్కర్లేదు. ఎంఐటీ లైసెన్స్ రెండు వందల ఇంగ్లిష్ మాటలు కూడా ఉండదు. అది కోరేది కాపీరైట్ వరుసనూ లైసెన్స్ పాఠాన్నీ తీసేయొద్దనే. అపాచీ 2.0 అయితే మీరు చెయ్యిపెట్టిన ఫైళ్లలో ఆ సంగతి రాయమంటుంది.

జీపీఎల్ అనే లైసెన్స్ దగ్గరే జనం తడబడతారు. దాన్ని అమ్ముకోకూడదని ఒక అపోహ. నిక్షేపంగా అమ్ముకోవచ్చు. మీ ఆఫీసు లోపలే మార్చి వాడుకుంటే కోడ్ ఎవరికీ చూపించక్కర్లేదు కూడా. ప్రోగ్రామ్‌ను బయటివాళ్ల చేతికిచ్చినప్పుడు మాత్రం, మీ మార్పులతో సహా సోర్స్ కోడ్‌ను వాళ్లకు అదే లైసెన్స్ కింద అందించాలి. ఇక లైసెన్సే కనిపించని కోడ్ అందరి సొత్తనుకుంటారు చాలామంది. నిజానికి హక్కులన్నీ రాసినవాళ్లవే. వాడుకోవచ్చా అని వాళ్లనే మొహమాటం లేకుండా అడగండి.

ఆఫీసులో ‘ఎవరు చూస్తారులే’ అని ఎవరైనా అంటే లింక్‌సిస్ రౌటర్ కథ చెప్పండి. డబ్ల్యూఆర్‌టీ54జీ అనే ఆ మోడల్ 2002 చివర్లో వచ్చింది. మర్నాడే కాదుగానీ మరుసటి ఏడాదే దాని లోపల నడుస్తున్నది లినక్స్ అని ప్రోగ్రామర్లు పసిగట్టారు. లినక్స్ జీపీఎల్ కింద ఉంది కదా, మరి సోర్స్ ఏదీ అని నిలదీశారు. లింక్‌సిస్‌ను 2003లోనే సిస్కో కొనేసింది. కొన్నవాళ్లకు రౌటర్‌తోపాటు ఈ తలనొప్పీ వచ్చింది. చివరికి సోర్స్ విడుదల చేయక తప్పలేదు. తమాషా ఏమిటంటే, ఆ కోడ్ ఆధారంగానే 2004లో ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ అనే రౌటర్ సాఫ్ట్‌వేర్ పుట్టింది. నచ్చినట్టు మార్చుకోవచ్చు కాబట్టే ఆ రౌటర్‌ను ఏళ్ల తరబడి జనం వెతికి మరీ కొన్నారు. సోర్స్ ముందే ఇచ్చి ఉంటే కంపెనీకి పరువూ వ్యాపారమూ రెండూ దక్కేవని నా అభిప్రాయం. అంతటితో ఆగిందా అంటే లేదు. లైసెన్స్ పాటించడం లేదంటూ, జీపీఎల్‌ను తయారుచేసిన ఫ్రీ సాఫ్ట్‌వేర్ ఫౌండేషన్ 2008 డిసెంబరులో సిస్కోపై దావా వేసింది. 2009లో రాజీ కుదిరింది. లింక్‌సిస్ ఉత్పత్తుల్లో ఈ వ్యవహారం చూసుకోవడానికే ఒక అధికారిని నియమిస్తామని సిస్కో ఒప్పుకుంది. అంత పెద్ద సంస్థకే తప్పలేదు మరి.

పొరపాటు మీ వైపే జరిగి, ఎవరో మెయిల్ పెట్టారనుకోండి. వాదనకు దిగకండి. జీపీఎల్ మూడో వెర్షన్ మొదటిసారి తప్పిన వాళ్లకు ఒక దారి ఉంచింది: హక్కుదారు నోటీసు అందిన 30 రోజుల్లోగా సరిదిద్దుకుంటే పోయిన హక్కులు తిరిగొస్తాయి. రెండో వెర్షన్ పాఠంలో ఈ వెసులుబాటు లేదు. కాబట్టి ఏ వెర్షనో చూసుకోండి. జవాబు మర్యాదగా రాయండి. ఎప్పటికల్లా సరిచేస్తారో తేదీతో సహా చెప్పండి.

అసలు ఆ మెయిల్ రాకుండా చూసుకోవడం ఇంకా తేలిక. బయటి లైబ్రరీ ఏది చేర్చినా ఆ రోజే దాని పేరు, వెర్షన్, లైసెన్స్ ఒక ఫైల్లో రాసేయండి. ఒక ప్యాకేజీని పిలిస్తే దాని వెనక పదులకొద్దీ వస్తాయి. రిలీజు ముందురోజు రాత్రి కూర్చుని అన్నీ ఏరడం నరకం.

మీరే సొంతంగా ఏదైనా రాస్తుంటే లైసెన్స్ మొదటి రోజే పెట్టండి. లినస్ టోర్వాల్డ్స్ 1991లో లినక్స్ మొదలుపెట్టినప్పుడు డబ్బులకు పంచకూడదన్న షరతు ఉండేది. 1992లో దాన్ని జీపీఎల్‌కు మార్చారు. ప్రాజెక్టు పసితనంలో ఉంది కాబట్టి తేలిగ్గా అయింది. ఇప్పుడు అందులో వేలమంది రాసిన కోడ్ ఉంది, ఎవరి భాగం మీద వాళ్లకే హక్కు. మీ ప్రాజెక్టులోనూ పదిమంది చెయ్యేశాక మనసు మారితే, ఆ పదిమందినీ వెతికి పట్టుకుని ఒప్పించాలి. అందులో ఇద్దరైనా ఫోన్ నంబరు మార్చేసి ఉంటారు.