బండి కదిపితే అరిచే అలారం

సంతలో బండి పెట్టి లోపలికి వెళ్తే మనసంతా బండి మీదే ఉంటుంది. మా గూడెంలో జ్వరం వచ్చినవాళ్ళను ఆసుపత్రికి తీసుకెళ్ళేది కూడా ఒక్క బండే. అది పోతే ఎట్లా? అందుకే ఈ అలారం గురించి రాస్తున్నాను.

సైడు స్టాండు వేస్తే బండి ఎడమకు వాలుతుంది. దొంగ దాన్ని నిలబెట్టకుండా తోసుకుపోలేడు. కిటుకంతా అక్కడే ఉంది. చిన్న ప్లాస్టిక్ గొట్టంలో సైకిల్ చక్రంలో ఉండేలాంటి ఇనుప గుండు వేసి, కుడి కొసలో రెండు వైర్ల మొనలు పెట్టాలి. బండి వాలి ఉంటే గుండు ఎడమ కొసలో ఉంటుంది. నిలబెడితే కుడికి దొర్లి వైర్లను కలుపుతుంది. (గొట్టాన్ని కుడికి కొంచెం వాల్చి బిగించాలి, లేకపోతే దొర్లదు.) కొన్నింటిలో గుండుకు బదులు పాదరసం ఉంటుంది. అది విషం, ముట్టుకోవద్దు.

మరి దొంగ భయపడి బండిని మళ్ళీ వాల్చేస్తే? గుండు వెనక్కి పోతుంది, హారన్ ఆగిపోవాలి కదా! ఆగదు. మధ్యలో రిలే ఉంది. రిలేలో తీగచుట్ట ఉంటుంది, కరెంటు పారితే అయస్కాంతం అవుతుంది. తీగలో కరెంటు పారితే దిక్సూచి ముల్లు కదలడం 1820లో ఆయిర్‌స్టెడ్ చూశాడు, ఆ సంగతే ఇది. రెండు జతల కాంటాక్టులున్న రిలే తీసుకోవాలి. గుండు వైర్లను కలపగానే చుట్ట రెండు జతలనీ లాగి మూసేస్తుంది. ఒక జత 12 వోల్టుల బ్యాటరీ నుంచి హారన్‌కి కరెంటు ఇస్తుంది. రెండో జత చుట్టకే ఇస్తుంది. అంటే రిలే తనను తానే పట్టుకుని ఉంటుంది! నాకు ఇదే బాగా నచ్చింది.

సీటు కింద దాచిన స్విచ్ ఆపితేనే ఊరుకుంటుంది. మోగనప్పుడు కరెంటు ఖర్చు లేదు. బ్యాటరీ పక్కనే ఫ్యూజు పెట్టాలి. వైర్లు కోసేస్తే హారన్ పలకదు కాబట్టి హాండిల్ లాకు కూడా వేయాలి.