గురువు లేకుండా కీర్తన పాడుకోవచ్చా?



మా పిన్ని కూతురు వేంపల్లె నుంచి బెంగళూరు వెళ్లి ఉద్యోగం చేస్తోంది. ఆఫీసుకు వెళ్తూ వస్తూ ఫోన్‌లో వినే అన్నమయ్య కీర్తనలు ఓ పది నేర్చేసుకుంది. వాళ్ల అపార్ట్‌మెంట్ గుడిలో ఒకరోజు పాడితే, సంగీతం తెలిసిన పెద్దాయన ఒకరు "గురువు దగ్గర నేర్చుకోకుండా ఇవి పాడకూడదమ్మా" అన్నారట. అంతే, పాడటమే మానేసింది. "అన్నా, నిజంగా పాడకూడదా?" అని నన్ను అడిగింది. ఈ వారం వీడియో ఆ ప్రశ్న మీదే. అందులో టైమ్ చాలక వదిలేసినవి ఇక్కడ రాస్తున్నా.

దాచినప్పుడు ఏం మిగిలింది?

అన్నమయ్య (1408–1503) మన ఉమ్మడి కడప జిల్లా ఆయనే. రాజంపేట దగ్గర తాళ్లపాక. ఆయన ముప్పై రెండు వేల సంకీర్తనలు చెప్పారని మనవడు చిన్నన్న రాశారు. కొడుకు పెద తిరుమలాచార్యులు వాటిని రాగిరేకుల మీద చెక్కించారు. ఆ రేకులు తిరుమల గుడిలో సంకీర్తన భండారం అనే చిన్న రాతిగదిలో చేరాయి. తర్వాత చాలాకాలం వాటిని పట్టించుకున్నవాళ్లే లేరు. 1920ల్లో సాధు సుబ్రహ్మణ్య శాస్త్రి గారి కృషితో మళ్లీ వెలుగులోకి వచ్చాయి. వేటూరి ప్రభాకర శాస్త్రి గారి లాంటి పండితులు ఒక్కో రేకూ చదివి, పరిష్కరించి అచ్చు వేయించారు.

అంత భద్రంగా దాచారు కాబట్టే ఈరోజు వేల కీర్తనలు మన చేతిలో ఉన్నాయి. దాచినవాళ్లకు దండం పెట్టాల్సిందే.

కానీ ఒకటి పోయింది. రేకు మీద సాహిత్యం ఉంది, పైన రాగం పేరు ఉంది. స్వరాలు లేవు. బాణీ పాడేవాళ్ల గొంతులోనే ఉండేది. ఆ గొంతులు ఆగిపోయాక బాణీ కూడా పోయింది. మాటను రాగిరేకు కాపాడింది. పాటను కాపాడాలంటే మాత్రం ఎవరో ఒకరు పాడుతూనే ఉండాలి.

మరి మనం వింటున్న బాణీలు ఎవరివి?

ఇక్కడ రాళ్లపల్లి అనంతకృష్ణ శర్మ గారిని (1893–1979) తలుచుకోవాలి. అనంతపురం జిల్లా ఆయన. మైసూరు మహారాజా కాలేజీలో తెలుగు చెప్పారు, సంగీతంలోనూ అంతే పండితులు. తర్వాత తిరుపతి వచ్చి, వందకు పైగా అన్నమయ్య కీర్తనలకు బాణీలు కట్టారు. వాటిని స్వరాలతో సహా అచ్చు వేయించారు. తన శిష్యులకే చెప్పి ఊరుకుని ఉంటే అవి కూడా ఒక గదిలో రేకుల్లాగే ఉండిపోయేవి. ఆయన తర్వాత ఇంకా చాలామంది విద్వాంసులు బాణీలు కట్టారు. కాబట్టి ఈరోజు మనం వినే అన్నమయ్య బాణీలు దాదాపు అన్నీ ఈ వంద సంవత్సరాల లోపు పుట్టినవే.

అందుకే "అసలు బాణీ మా దగ్గరే ఉంది, మీరు పాడకండి" అని అనే హక్కు ఎవరికీ లేదు. అలాగని "ఎవరి సాయమూ లేకుండా నేర్చుకున్నా" అని మనమూ అనలేం. మన ఫోన్‌లోకి వచ్చిన ప్రతి పాట వెనుకా ఒక పండితుడి కళ్లు అరిగిపోయిన కష్టం ఉంది.

పద్దెనిమిది సార్లు

రామానుజులవారి కథ మీరు వినే ఉంటారు. మంత్ర రహస్యం కోసం ఆయన గోష్ఠీపూర్ణుల దగ్గరికి పద్దెనిమిది సార్లు వెళ్లారట. ఎవరికీ చెప్పొద్దని మాట తీసుకుని గురువు ఉపదేశిస్తే, రామానుజులు గోపురం ఎక్కి అందరికీ చెప్పేశారు. నేను నరకానికి పోయినా ఇంతమంది తరిస్తారు కదా అన్నారట.

మనకు గోపురం బాగా గుర్తుంటుంది. ఆ పద్దెనిమిది సార్ల నడకను మర్చిపోతాం. పంచడం గొప్పే, కానీ ఆయన ముందు కష్టపడి నేర్చుకున్నారు, తర్వాత పంచారు. ఉపదేశంతోనే తీసుకోవాల్సిన మంత్రాల విషయంలో పెద్దలు చెప్పినట్టు గురువునే ఆశ్రయించండి. సంకీర్తన అలాంటిది కాదు, అది నలుగురూ కలిసి పాడుకోవడానికే పుట్టింది.

గండిలో చిటికెన వేలు

మా వేంపల్లె పక్కనే, పాపాఘ్ని ఒడ్డున గండి క్షేత్రం. రాములవారు బాణం మొనతో బండ మీద ఆంజనేయస్వామి రూపం గీశారనీ, చిటికెన వేలు ఒక్కటి వదిలేశారనీ స్థలపురాణం. తర్వాత ఆ వేలు పూర్తి చేయబోతే రక్తం కారిందట, అందుకే అలాగే వదిలేశారట. చిన్నప్పటి నుంచి విన్న ఈ కథలో నాకు ఇప్పుడు ఒక పాఠం కనిపిస్తుంది. తెలియని చోట మన ఉలి పెట్టకూడదు.

ఇవి పాటించండి చాలు:

1. సాహిత్యం వీడియో కింద చూసి కాకుండా, అచ్చు పుస్తకంలో సరిచూసుకోండి. 1997 అన్నమయ్య సినిమాలో సినిమా కోసం రాసిన పాటలు కూడా ఉన్నాయి.
2. అర్థం తెలియని పదాన్ని తోచినట్టు మార్చకండి. తెలిసినవాళ్లను అడగండి.
3. బాణీ ఎవరు కట్టారో తెలుసుకుని, పాడే ముందు వాళ్ల పేరు చెప్పండి.
4. ఎవరైనా తప్పు దిద్దితే నమస్కారం పెట్టి దిద్దుకోండి. పాడటం మాత్రం ఆపకండి.

ఈ శనివారం ఇంట్లో దీపం పెట్టి ఒక్క కీర్తన పాడండి. పక్కన పిల్లలుంటే వాళ్లకూ నేర్పండి.

ఓం నమో వేంకటేశాయ. జై శ్రీరామ్.