అది అవ్వ హక్కు, పాపా

పాపా,

వద్దు, ఆ ఏటీఎం కార్డు ముట్టుకోవద్దు. తాత ఖాతాలో ఈ నెల పింఛను పడింది, పెద్దకర్మకు తీసుకోవచ్చా అని అడిగావు కదా, ముందు దానికే జవాబు. తాత పింఛను ఆయన పోయిన రోజు వరకే. మరుసటి రోజు నుంచి అవ్వ ఫ్యామిలీ పింఛను మొదలవుతుంది, దాని మొత్తం వేరు. బ్యాంకుకు కబురు అందకముందు ఎక్కువగా పడిన డబ్బును తర్వాత రాబట్టుకుంటారు. ఆ కోత చివరికి అవ్వ మీదే పడుతుంది. కర్మ ఖర్చులు మేమంతా చూసుకుంటాం. నువ్వు రేపే బ్యాంకుకు పోయి తాత పోయిన సంగతి రాతపూర్వకంగా ఇచ్చి, దాని నకలు మీద ముద్ర వేయించుకో.

ఇక నీకు నిద్ర పట్టనీయని మాట. తాత వీలునామాలో అంతా తన పేరే రాశాడు కాబట్టి పింఛను కూడా తనకే రావాలని మీ చిన్నాయన అన్నాడని రాశావు. ఆయన చెడ్డవాడు కాదు, తెలియక అన్నాడు. ఇల్లు, నేల, బ్యాంకులో నిల్వ తాత ఆస్తి. ఫ్యామిలీ పింఛను తాత ఆస్తి కాదు. ఆయన బతికుండగా దాని మీద ఆయనకే హక్కు లేదు, అలాంటప్పుడు దాన్ని ఇంకొకరికి ఎలా రాసిస్తాడు?

ఇది నేను కల్పించి చెప్తున్నది కాదు. వయలెట్ ఐజాక్ అనే ఆవిడ భర్త రైల్వే ఉద్యోగి. ఆయన తన తమ్ముడి పేర వీలునామా రాశాడు. భర్త పోయాక రావలసిన డబ్బుల మీద తగాదా లేచి, అది సుప్రీంకోర్టు దాకా పోయింది. ఫ్యామిలీ పింఛను చనిపోయినవాడి ఆస్తిలో భాగం కాదు, నిబంధనలు ఎవరికి ఇమ్మన్నాయో వాళ్లదే, వీలునామాతో దాన్ని మళ్లించలేరు అని 1991లో తీర్పు వచ్చింది. చిన్నాయన ముందు కూర్చుని ఈ సంగతి నెమ్మదిగా చెప్పు. గొంతు పెంచొద్దు. నీ కోపం నాకు తెలుసు.

నేను పింఛను సెక్షన్‌లో పనిచేసినన్నాళ్లూ ఒకటే మాట పట్టుకుని కూర్చున్నాను: భర్త పోయిన ఆడమనిషికి మనం ధర్మం చేయడం లేదు, ఆమెది ఆమెకు ఇస్తున్నాం. ఈ హక్కు ఊరికే రాలేదు పాపా. కేంద్ర ఉద్యోగుల కుటుంబాలకు ఇప్పటి తరహా ఫ్యామిలీ పింఛను 1964లో వచ్చింది. ఆ పథకం పరిధిలోకి రాని ఉద్యోగుల భార్యలు ఏళ్ల తరబడి చేయి చాచి బతికారు. పింఛను సర్కారు దయ కాదు, చేసిన సేవకు దక్కవలసిన హక్కు అని 1982 డిసెంబరు 17న నకారా కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. అందుకే ఆ తేదీన పింఛనుదారుల దినం జరుపుకుంటాం. 1985లో పూనమాళ్ కేసులో, మిగిలిపోయిన ఆ వితంతువులకూ దారి తెరుచుకుంది. అంత పోరాడి తెచ్చుకున్నదాన్ని, ఒక ముసలామె కౌంటరు ముందు తలొంచుకుని అడుక్కోవడం నేను చూడలేను. అవ్వను వెంట తీసుకుపో. ఆమె తరఫున నువ్వే అన్నీ మాట్లాడేయొద్దు. ఎంత వస్తుంది, ఎందుకు వస్తుంది, పీపీఓ (పింఛను చెల్లింపు ఉత్తర్వు) ఎక్కడుంది అన్నది ఆమెకు తెలియాలి. పాస్‌బుక్ ఆమె పెట్టెలోనే ఉండాలి.

ఎంత వస్తుందంటావా? తాత చివరి మూలవేతనంలో 30 శాతం. ఆయన పింఛను ఆ మూలవేతనంలో సగం కాబట్టి, మూల పింఛను 30,000 ఉంటే అవ్వకు 18,000, దాని మీద కరువు భత్యం. రిటైరయ్యాక పోయినవాళ్ల కుటుంబానికి ఏడేళ్లు, లేదా ఆ మనిషికి 67 ఏళ్లు నిండే దాకా, ఏది ముందైతే అంతవరకు ఎక్కువ రేటు ఇస్తారు. తాత ఆ వయసు దాటి పోయాడు కనుక మనకది లేదు. తాత కొంత పింఛను కమ్యూట్ చేసుకున్నాడని, అంటే ముందే ఏకమొత్తంగా తీసుకున్నాడని భయపడ్డావు. ఆ కోత ఆయనతోనే పోయింది, అవ్వ పింఛనుకు అంటుకోదు. అవ్వకు 80 నిండితే మూల పింఛను మీద ఇంకో 20 శాతం కలుస్తుంది.

ఆ 20 శాతం కావాలంటే పుట్టిన తేదీ సరిగ్గా ఉండాలి. అవ్వ పేరు, తేదీ పీపీఓలో ఎలా ఉన్నాయో, ఆధార్‌లో ఎలా ఉన్నాయో పక్కపక్కన పెట్టి చూడు. మన చిత్తూరు వైపు ఆడవాళ్లకు ఇంట్లో ఒక పేరు, కాగితంలో ఒక పేరు. మునెమ్మ, మునిలక్ష్మి, మునిలక్ష్మమ్మ ఒకే మనిషని ఊరికి తెలుసు, కంప్యూటరుకు తెలియదు. తేడా ఉంటే సెట్టిపల్లి రైల్వే క్యారేజ్ రిపేర్ షాపులో తాత పనిచేసిన ఆఫీసుకు ఇప్పుడే అర్జీ పెట్టు. తాత ఉండగానే ఈ పని చేయించమని మీ నాన్నకు ఎన్నిసార్లు చెప్పానో! సరే, ఇప్పుడైనా కానీ.

పింఛను ఖాతా ఇద్దరి పేరా ఉందన్నావు, మంచిది. కొత్త ఖాతా తెరవమని బ్యాంకు పట్టుబట్టకూడదు. మరణ ధ్రువపత్రం, అవ్వ గుర్తింపు కాగితాలు, పీపీఓ చాలు. మరణాన్ని 21 రోజుల్లోపు కార్పొరేషన్‌లో నమోదు చేయించండి, నకళ్లు ఎక్కువే తీసుకోండి. ఏటా నవంబరులో జీవన్ ప్రమాణ్ (బతికున్నట్టు ధ్రువపత్రం) ఇవ్వాలి. అవ్వ వేలిముద్రలు అరిగిపోయాయని యాష్టపడొద్దు, ఫోన్‌లో ముఖం చూపించి కూడా చేయొచ్చు.

నువ్వు అడగనిది ఒకటుంది. మీ అత్త. ఆమె భర్త పోయినప్పుడు తాత బతికే ఉన్నాడు, అప్పటి నుంచి ఆమె పుట్టింట్లోనే ఉంది. అవ్వ తర్వాత ఆ పింఛను ఆమెకు రావచ్చు. ఆమె రాబడి నెలకు 9,000, దాని మీద కరువు భత్యం కలిపిన మొత్తాన్ని దాటకూడదు. ఆమె భర్త మరణ ధ్రువపత్రం వెతికి తీసి, కుటుంబ వివరాల్లో ఆమె పేరు ఇప్పుడే చేర్పించు. అవ్వ ఉండగా ఒక సంతకంతో అయ్యే పని, తర్వాత ఏళ్లు పడుతుంది.

మీ పక్కింటి ఆవిడ గురించి కూడా అడిగావు. చనిపోయిన ఆమె భర్త ప్రైవేటు కంపెనీలో చేసి రిటైరయ్యాడు కాబట్టి దారి వేరు. అది పీఎఫ్ ఆఫీసు వాళ్లు చూసే 1995 నాటి పింఛను పథకం. ఆమెకు వితంతు పింఛను వస్తుంది, 10డి ఫారం పెట్టమను. 2014 నుంచి నెలకు కనీసం 1,000 రూపాయలు. ఈ రోజుల్లో అది ఏ మూలకూ చాలదు, పెంచమని అడగడం న్యాయమే. అయినా చిన్న మొత్తమని వదిలేసుకోవద్దని చెప్పు.

ఇంట్లో రిటైరైనవాళ్లు ఉన్న నీ స్నేహితులందరికీ ఈ మాట చేరవేయి: పెద్దవాళ్లు బతికుండగానే పీపీఓ తీసి, అందులో భార్య పేరు, పుట్టిన తేదీ సరిచూసుకోమని. ఈ వారమే చూసుకోమని చెప్పు.

మీ మామ